మిషన్ బంగళాలో ఏ కిటికీ మొదటిది

1976 ఎండాకాలంలో మా ఇంజనీరు గారు నన్ను తిరువూరు పంపించారు. విజయవాడలో ఆయన ఆఫీసులో నేను డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరి అప్పటికి మూడేళ్ళు. డ్రాఫ్ట్స్‌మన్ అంటే కట్టడాలకి ప్లాన్లు గీసేవాడు. కొత్త ఇంటికి ముందు ప్లాను గీస్తాం, తర్వాత ఇల్లు లేస్తుంది. పాత ఇళ్ళ దగ్గర ఈ వరస తిరగబడుతుంది. ఇల్లు ఎదురుగా ఉంటుంది, ప్లాను ఎక్కడా ఉండదు. గోడ గోడా కొలిచి ఇంటిని కాగితం మీదికి ఎక్కించాలి. దాన్ని మెజర్డ్ డ్రాయింగ్ అంటారు. తిరువూరులో నాకు అప్పగించింది ఆ పనే.

ఇల్లు ఊరి చివర ఉన్న మిషన్ బంగళా. మంగుళూరు పెంకుల కప్పు, ముందు పొడుగాటి వరండా, రెండడుగుల మందాన ఇటుక గోడలు, గానుగ సున్నం. తెల్లవాళ్ళ కాలంలో ఒక డాక్టరు దొరసాని తను ఉండడానికీ, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకి మందులివ్వడానికీ కట్టించింది. ఆమె తర్వాత ఇంకొందరు వచ్చారు, వాళ్ళూ వెళ్ళిపోయారు. గవర్నమెంటు ఆసుపత్రి వచ్చాక బంగళాలో మందులివ్వడం ఆగిపోయింది. నేను వెళ్ళేసరికి ఒక గదిలో చర్చి బెంచీలు, ఇంకో గదిలో క్రిస్మస్ నాటకాల సామాను పడేసి తాళం వేసి ఉంచారు.

ఆ ఊరి క్రైస్తవ సంఘంలోనే పుట్టి హైదరాబాదులో స్థిరపడిన ఒక డాక్టరు గారు బంగళా బాగుచేయించే ఖర్చు తను పెట్టుకుంటానన్నారు. బాగయ్యాక అందులో ఆడపిల్లలకి కుట్టుపని నేర్పే బడి పెట్టాలని సంఘం వాళ్ళ ఆలోచన. డాక్టరు గారి షరతు ఒకటే. ఇల్లు మొదట కట్టినప్పుడు ఎలా ఉందో మళ్ళీ అలాగే ఉండాలి. ఆ మాట వినడానికి తేలికగానే ఉంటుంది. కప్పుకీ గోడలకీ పెద్ద చిక్కు లేదు, అవి మొదటివే. చిక్కంతా కిటికీలతో. ఏ పాత ఇంట్లోనైనా మనుషులు ముందు మార్చేది కిటికీలనే. గాలి చాలలేదని ఒకరు పెద్దవి చేస్తారు, దొంగల భయమని ఒకరు ఊచలు పెడతారు, వాన కొడుతోందని ఇంకొకరు అద్దాలు బిగిస్తారు.

బంగళా తాళాలు దేవసహాయం మాస్టారి దగ్గర ఉండేవి. ఆయన హెడ్మాస్టరుగా రిటైరై సంఘం కమిటీకి సెక్రటరీగా ఉన్నారు. అరవై దాటిన మనిషి. ఎంత ఎండలోనైనా ఇస్త్రీ చొక్కా మడత చెడకుండా నడిచేవారు. నన్ను "ఇంజనీరు గారూ" అని పిలిచేవారు. నేను ఇంజనీర్ని కాదని చెప్పినా ఆ పిలుపు మార్చలేదు.

మొదటి కొన్ని రోజుల్లో మామూలు కిటికీల సంగతి తేలిపోయింది. ఉన్నవాటికి అద్దాల రెక్కలున్నాయి. కానీ చౌకట్ల మీద పాత బందులు ఊడదీసిన గుంటలు వేరే చోట కనిపించాయి. గుంటల్లో పుట్టీ కూరి రంగు వేశారు. రంగు గోకితే పొర కింద పొర వచ్చి, అట్టడుగున ముదురు ఆకుపచ్చ తేలింది. పాస్టరు గారి ఇంటి వెనక కోళ్ళ గూటికి తలుపుగా బిగించిన పాత చెక్క రెక్క ఒకటి ఉంది. దానికీ అదే ఆకుపచ్చ, బందుల దూరం కూడా చౌకట్టు గుంటలతో సరిపోయింది. అది లూవర్ రెక్క. అంటే అడ్డంగా, ఏటవాలుగా పేర్చిన సన్నటి పలకలు. గాలి వస్తుంది, ఎండ రాదు. మొదటి కిటికీలన్నీ అలాంటివేనని రాసుకున్నాను. కోళ్ళ గూటి తలుపు ఇచ్చేయడానికి పాస్టరు గారి భార్య మాత్రం కొంచెం బాధపడ్డారు.

మిగిలినవి రెండు. అవి గాలి కోసం పెట్టిన కిటికీలు కావు, లోపల్నుంచి బయటివాళ్ళకి మందు అందించడానికి పెట్టినవి.

ఒకటి ముందు వరండాలో ఉంది. వెడల్పాటి రాతి గట్టు, టేకు చౌకట్టు, పైన అర్ధచంద్రంలాగా ఆర్చి, ఆర్చి చుట్టూ సున్నంతో తీసిన తీగ. ఇల్లంతటికీ అందం అదే. ఇంకొకటి పడమటి గోడకి, ఇంటి వెనకవైపు. చిన్నది, చదరంగా ఉంటుంది. లోపలివైపు చెక్కలు కొట్టేసి, సగం వరకూ ఇటుకలతో పూడ్చేశారు.

మాస్టారు వరండాలో ఆ పెద్ద కిటికీ ముందు నిలబడి దాని సంగతి చెప్పారు. దొరసాని ఇక్కడే నిలబడి కుల భేదం లేకుండా అందరికీ మందు ఇచ్చేదని, సంఘంలో పిల్లలకి తను ఏటా ఆ మాట చెబుతానని అన్నారు. అదే మాట చెక్కించిన పాలరాతి పలక కూడా తయారై వచ్చింది. కిటికీ పక్కన గోడకి బిగించాలట. వెనక కిటికీ సంగతి అడిగితే అది తర్వాతెప్పుడో ఎవరో పొడిచిన కన్నమని, పూర్తిగా పూడ్చేసి అక్కడ గోడలో అలమారా చేయిస్తే బాగుంటుందని అన్నారు. ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన వెనకవైపుకి రాలేదు. నేనొక్కడినే వెళ్ళి చూసి వచ్చాను.

చూడగానే నాకూ ఆయన చెప్పిందే సబబనిపించింది. అయినా చూపును నమ్మి డ్రాయింగ్ గీయకూడదని మా ఇంజనీరు గారు మొదటి రోజే నేర్పారు. పుల్లయ్య అనే తాపీ మేస్త్రీని పిలిచి, రెండు కిటికీల అంచుల దగ్గరా సున్నం పూత జాగ్రత్తగా తీయమన్నాను.

ఇక్కడ పని గురించి రెండు మాటలు చెప్పాలి. కిటికీకి రెండు పక్కలా ఉండే గోడ అంచుని జాంబు అంటారు. గోడ కడుతున్నప్పుడే కిటికీకి చోటు వదిలితే, అంచు నిటారుగా రావడానికి మేస్త్రీ నిలువునా సగానికి కోసిన ఇటుకల్ని జాంబు పక్కన వరస విడిచి వరసలో పెడతాడు. ఆ సగం ఇటుకని క్వీన్ క్లోజర్ అంటారు. అది కనిపించిందంటే ఆ కిటికీ గోడతో పాటే పుట్టిందని అర్థం. కట్టేసిన గోడని తర్వాత పగలగొట్టి కిటికీ పెడితే అంచున ఇటుకలు ఎక్కడ పడితే అక్కడ విరిగి ఉంటాయి. ఆ ఎగుడుదిగుళ్ళని ముక్కలతో, సున్నంతో కప్పెడతారు.

వరండా కిటికీ దగ్గర పూత తీస్తే విరిగిన ఇటుకలు బయటపడ్డాయి. రెండు పక్కలా అంతే. పైన ఆర్చి అనుకున్నది ఆర్చే కాదు. ఇటుకల ఆర్చి ఉండాల్సిన చోట అడ్డంగా ఒక టేకు దూలం ఉంది. కిటికీ పైన గోడ బరువు మోసే అలాంటి దూలాన్ని లింటెల్ అంటారు. అర్ధచంద్రం చెక్కలోనూ, సున్నంలోనూ తీర్చిన వేషం. ఇంట్లో మిగిలిన కిటికీల పైన కూడా కొద్దిగా పూత గీకి చూస్తే ప్రతిదానికీ అసలైన ఇటుక ఆర్చి ఉంది.

వెనక కిటికీ దగ్గర పూత తీశాం. క్లోజర్లు వరసగా, ఎలా పెట్టినవి అలాగే ఉన్నాయి. పైన చిన్న ఇటుక ఆర్చి. కిటికీ కింద మట్టి కొంచెం తవ్వితే చదునైన రాళ్ళు పరిచిన నేల తగిలింది. జనం నిలబడి నిలబడి ఆ రాళ్ళు నున్నగా అరిగాయి.

గోడ చెప్పింది ఇదీ. వెనకది ఇంటితో పాటు పుట్టింది. ముందుది కొన్నేళ్ళకి గోడ పగలగొట్టి పెట్టింది. డాక్టరు గారి షరతు అక్షరాలా పాటించాలంటే, మాస్టారు పూడ్చేయాలన్న కిటికీ తెరవాలి, పలక పెట్టాలనుకున్న కిటికీ పూడ్చాలి.

మాస్టారికి చెప్పే ముందు ఇంకెవరినైనా అడగాలనిపించింది. ఏది ముందో ఏది వెనకో ఇటుక చెబుతుంది, ఎందుకో చెప్పదు. పాస్టరు గారు సువార్తమ్మ గారి పేరు చెప్పారు. ఆమె తల్లిదండ్రులు లేని పిల్లగా దొరసాని దగ్గర పెరిగి, అదే బంగళాలో నర్సుగా పనిచేసి, ఎన్నో కాన్పులు చేసింది. పల్లెలో, అంటే ఊరికి ఎడంగా సంఘం వాళ్ళుండే పేటలో, అందరూ నర్సమ్మ అంటారు. డెబ్బై దాటాయి. కళ్ళు బాగానే కనిపించేవి, మోకాళ్ళే సహకరించేవి కావు.

నేను వెళ్ళేసరికి ఆమె అరుగు మీద కూర్చుని చేటలో చింతపండు గింజలు తీస్తోంది. సంగతి చెప్పాను. ఏది మొదటిదని అడిగాను. ఆమె ముందు నా ఊరు అడిగింది. పెనుగొలను అన్నాను. ఎవరి అబ్బాయినని అడిగింది, తాతగారి పేరు చెప్పాను. తీసిన గింజల్ని చేటలో ఒక పక్కకి నెట్టి చెప్పింది.

"వెనకదే మొదటిది బాబూ. ముందుది మీవాళ్ళ కోసం పెట్టింది."

తర్వాత ఆమె చెప్పిన సంగతి ఇది. మొదట్లో మందు గది ఇంటి వెనకే ఉండేది, కిటికీ ఒక్కటే. దొరసాని పెట్టిన నియమం కూడా ఒక్కటే. వచ్చినవాళ్ళందరూ ఒకే వరసలో నిలబడాలి. పల్లెవాళ్ళు వచ్చేవాళ్ళు, ఊళ్ళోంచి బీదాబిక్కీ కొందరు వచ్చేవాళ్ళు. ఊళ్ళో పెద్ద కుటుంబాల వాళ్ళు మాత్రం రాలేదు. పల్లెవాళ్ళ వెనక నిలబడి, వాళ్ళు పట్టుకున్న గట్టు మీంచి సీసా అందుకోవడం వాళ్ళకి పడలేదు. వేరే కిటికీ పెట్టించమని బళ్ళు కట్టుకుని వచ్చి అడిగారు. దొరసాని ఒప్పుకోలేదు. దేవుడి మందుకి రెండు వరసలుండవని చెప్పి పంపేసింది. అలా కొన్నేళ్ళు గడిచాయి. ఒక ఏడు చలికాలంలో విషజ్వరాలు వచ్చాయి. మందు ఉంది, కానీ ఊళ్ళోవాళ్ళు రాలేదు. పిల్లలు పోయారు. ఆ తర్వాత దొరసాని తనే మేస్త్రీని పిలిపించి ముందు గోడ కొట్టించింది.

"గోడ కొడుతున్నన్నాళ్ళూ ఆమె వరండాలోకి రాలేదు," అంది సువార్తమ్మ గారు. "నేనప్పుడు సీసాలు కడిగే పిల్లని. ఆ తర్వాత వెనక గదిలోంచి ముందు కిటికీకి సీసాలు మోసేదాన్ని."

ముందు కిటికీ వచ్చాక మందు ఆ కిటికీ వాళ్ళకే మొదట ఇచ్చేవాళ్ళట. వెనక వరస ఎండలో నిలబడి ఉండేది. దొరసాని వెళ్ళిపోయి వేరేవాళ్ళు వచ్చాక వెనక కిటికీ తెరిచే వేళ ఇంకా తగ్గిపోయింది. పల్లెలో చదువుకున్న పిల్లలు మేస్టర్లూ గుమాస్తాలూ అయ్యాక వాళ్ళూ ముందుకే రావడం మొదలుపెట్టారు. అప్పుడు వెనకదానికి చెక్కలు కొట్టేశారు. ఆమె ఇదంతా ఎవరి మీదా కోపం లేకుండా చెప్పింది. నేను లేచేటప్పుడు ఒక మాట అంది.

"మీ నాయనమ్మగారు ఉన్నారా బాబూ? ఉంటే అడగండి. ఆవిడకి తెలుస్తుంది."

మా నాయనమ్మకి అప్పటికి ఎనభైకి దగ్గర. పెనుగొలనులో మా ఇంట్లోనే ఉండేది. తిరువూరు నుంచి పెనుగొలను ఎంతో దూరం కాదు. ఆదివారం బస్సెక్కి వెళ్ళాను. అన్నం తిన్నాక ఆమె మంచం దగ్గర కూర్చుని, బంగళాలో మందు కిటికీ గుర్తుందా అని అడిగాను. ఏ పని మీద అడుగుతున్నానో కూడా చెప్పాను. తన మామగారే ఇంకో నలుగురిని వెంటబెట్టుకుని వెళ్ళి కిటికీ అడిగాడని ఆమె మామూలుగానే మొదలుపెట్టింది. దొరసాని కాదందని ఆయన ఇంటికొచ్చి అన్నం తినకుండా తిట్టాడట. ఆ తర్వాత ఆమె గొంతు తగ్గింది.

"మీ నాన్నకి పైన ఒకడు పుట్టాడురా. రెండేళ్ళుండి పోయాడు."

ఆ సంగతి నేను అంతవరకూ వినలేదు. మా నాన్న పెద్దకొడుకనే మేమంతా అనుకుంటూ పెరిగాం. పిల్లవాడికి జ్వరం వచ్చి మూసిన కన్ను తెరవకుండా పడి ఉన్నాడట. నాటు వైద్యుడి మందు పనిచేయలేదు. బంగళాకి తీసుకెళతానని నాయనమ్మ అడిగింది. ఆ వరసలో నా కోడలు నిలబడదని మామగారు అన్నాడు. మా తాత తండ్రికి ఎదురు చెప్పలేదు. పాలేరు చేత తెప్పించమని అడిగింది. పిల్లవాడిని చూడకుండా దొరసాని మందు ఇవ్వదని తెలిసింది. నాయనమ్మ పిల్లవాడిని చంకనేసుకుని వీధి గుమ్మం దాకా వెళ్ళి, అక్కడ కూర్చున్న మామగారిని దాటలేక వెనక్కి వచ్చేసింది. మర్నాటికి పిల్లవాడు లేడు.

"మరుసటేడు కిటికీ పెట్టారు," అంది. "మీ నాన్నకి దగ్గొచ్చినా, పొక్కులొచ్చినా అక్కడికే తీసుకెళ్ళేదాన్ని. ఆ కిటికీ దగ్గర నిలబడ్డ ప్రతిసారీ పెద్దోడు గుర్తొచ్చేవాడు."

పిల్లవాడి పేరేంటని అడిగాను. చెప్పింది. నా పేరే. చచ్చిపోయిన పిల్లవాడి పేరు వద్దని ఇంట్లోవాళ్ళు అన్నా, నేను పుట్టినప్పుడు ఆమే పట్టుబట్టి పెట్టించిందట. మా నాన్న పక్క గదిలో ఉన్నాడు. ఆయనకి ఎంత తెలుసో నేనప్పుడు అడగలేదు.

తిరువూరు తిరిగొచ్చి డ్రాయింగ్ పూర్తి చేశాను. మొదటి గోడని నల్ల సిరాతో, తర్వాత మార్చిన భాగాన్ని ఎర్ర సిరాతో గీయడం మా ఆఫీసు పద్ధతి. వెనక కిటికీ నల్లగా, వరండా కిటికీ ఎర్రగా వచ్చాయి. కమిటీ వాళ్ళు బంగళాలోనే కూర్చున్నారు. మాస్టారు, పాస్టరు గారు, ఇంకో నలుగురు పెద్దలు. సువార్తమ్మ గారిని పాస్టరు గారు రిక్షాలో పిలిపించారు. నేను డ్రాయింగ్ పరిచి, ఏ గుర్తు ఏం చెబుతుందో వివరించాను.

మాస్టారు డ్రాయింగ్ వైపు చాలాసేపు చూశారు. ఆయన మొహం ఎర్రబడింది కానీ గొంతు పెంచలేదు.

"ఆ వెనక కన్నం సంగతి నాకు తెలియదనుకున్నారా ఇంజనీరు గారూ?" అన్నారు. "చిన్నప్పుడు మా అమ్మ చెయ్యి పట్టుకుని ఆ రాళ్ళ మీద నిలబడ్డవాణ్ణి. ఇప్పుడు మా పిల్లలు కుట్టుపని నేర్చుకోవడానికి వస్తారు. మీవాళ్ళు ముందు నిలబడ్డారు, మావాళ్ళు వెనక నిలబడ్డారు అని వాళ్ళకి గోడ మీద చూపించాలా?"

అప్పుడు నాకు అర్థమైంది. ముందు కిటికీ కథ నిజం కాదని ఆయనకి ముందునుంచీ తెలుసు. పిల్లలకి అలాంటి కథే ఉండాలని ఆయన కోరుకున్నారు. తెలియనిది ఒక్కటే, ఏది మొదటిదన్నది.

నేను చెప్పాల్సింది చెప్పాను. ఇల్లు కట్టిన రోజున కిటికీ ఒక్కటేనని, అది అందరి కోసమని, మావాళ్ళు ఆ వరసకి రానందువల్లే ముందు గోడ పగలగొట్టాల్సి వచ్చిందని. ఆ మొండితనంలో మా ఇంట్లోనే ఒక పిల్లవాడు పోయాడని, ఆ సంగతి మా నాయనమ్మ నోటి వెంట నేను విన్నది మొన్న ఆదివారమేనని కూడా చెప్పాను. మాస్టారు సువార్తమ్మ గారి వైపు తిరిగి ఇది నిజమేనా అక్కా అని అడిగారు. ఆమె నిజమేనంది.

ఆయన లేచి బయటికి వెళ్ళారు. కిటికీలోంచి చూస్తే వెనకవైపు కనిపించారు. మేము తవ్వి బయటపెట్టిన రాళ్ళ మీద నిలబడి, పూత తీసిన జాంబు మీద చెయ్యి పెట్టి చూస్తున్నారు. తిరిగొచ్చాక కుర్చీలో కూర్చోలేదు.

"మాకోసం గోడకి కన్నం పొడిచారనుకున్నాను ఇన్నాళ్ళూ," అన్నారు.

ఆ తర్వాత చర్చ పని వైపు మళ్ళింది. షరతు ప్రకారం వరండా కిటికీ మూసేయాలా అన్నది ప్రశ్న. పెద్దల్లో ఒకాయన మూసేయడమే న్యాయమన్నాడు, వేరే వరస కోసం పెట్టిన కిటికీ మనకెందుకన్నాడు. ఇంకొకాయన ఇంటి అందమంతా పోతుందన్నాడు. వాదన కొంచెం పెరిగింది. అప్పటిదాకా గోడకి ఆనుకుని కూర్చున్న సువార్తమ్మ గారు మాట్లాడింది.

"ముందుది మూయొద్దండి. అది పెట్టాక పిల్లలు బతికారు. ఎవరి పిల్లలైతేనేం, సీసాలు మోసింది నేను. నాకు తెలుసు."

ఆ మాటతో వాదన ఆగింది. పాస్టరు గారు డాక్టరు గారికి ట్రంక్ కాల్ చేసి విషయమంతా చెప్పారు. ఆయన ఆలోచించుకుని చెబుతానన్నారట. మర్నాడు తనే ఫోన్ చేసి, వెనకది తెరిచి ముందుది ఉంచమన్నారు. మా ఇంజనీరు గారు డ్రాయింగ్ చూసి, సిరా రంగులు మాత్రం మార్చొద్దని, తర్వాత వచ్చిందాన్ని తర్వాత వచ్చినట్టే చూపించాలని చెప్పారు. వరండా కిటికీ మీద సున్నపు ఆర్చిని కొంత మేర తీసేసి, కింద ఉన్న టేకు దూలం కనిపించేలా వదిలేశాం. చూసేవాళ్ళకి ఆ కిటికీ తర్వాత పెట్టిందని దాన్నిబట్టి తెలుస్తుంది.

పాలరాతి పలక సంగతి ఎవరూ ఎత్తలేదు. అది ఇక పనికిరాదనుకుని కొత్తది చేయిస్తారేమోనని నేను అనుకున్నాను. పని చివరికి వచ్చాక ఒక ఉదయం మాస్టారు పుల్లయ్యని వెంటబెట్టుకుని వచ్చి పలకని ఇంటి వెనక్కి మోయించారు. చెక్కిన మాటలో తప్పేమీ లేదని, పెట్టాలనుకున్న చోటే తప్పని నాతో అన్నారు. కుల భేదం లేకుండా అందరికీ ఇక్కడే మందు ఇచ్చారు అన్న ఆ మాట ఇప్పుడు వెనక కిటికీ పక్కన ఉంది. పుల్లయ్య సున్నం కలుపుతుంటే మాస్టారు గొడుగు పక్కన పెట్టి, పలక వంకరపోకుండా స్వయంగా పట్టుకున్నారు. ఆయన చొక్కా నలగడం ఆ రోజే చూశాను.

బడి తెరిచిన కొన్నాళ్ళకి కంటి పరీక్ష కోసం నాయనమ్మని తిరువూరు తీసుకొచ్చాను. పని అయ్యాక బంగళా చూస్తానంది. లోపల కుట్టు మిషన్ల చప్పుడు వినిపిస్తోంది. వరండా కిటికీ దగ్గరికి తీసుకెళ్ళబోతే వద్దంది. దాన్ని చూశానుగా అంది. గోడ పట్టుకుని మెల్లగా ఇంటి వెనక్కి నడిచింది. ఆ వైపుకి ఆమె రావడం అదే మొదటిసారి. వెనక కిటికీకి ఆకుపచ్చ రెక్కలు బిగించాం, అవి తెరిచి ఉన్నాయి. ఆమె రాళ్ళ మీదికి ఎక్కి, గట్టు మీద రెండు చేతులూ ఆనించి లోపలికి చూసింది. కుట్టుపని నేర్చుకుంటున్న ఒక అమ్మాయి లేచి వచ్చి ఏం కావాలి మామ్మగారూ అని అడిగింది. ఏం వద్దమ్మా అంది నాయనమ్మ. తర్వాత నా వైపు తిరిగింది.

"ఇంత చిన్నదా," అంది.

ఆ తర్వాత నేను పాత కట్టడాల పనే ఎక్కువగా చేశాను. గుళ్ళు, కోటలు, కచేరీలు, జమీందార్ల మేడలు. ఏది మొదటిదో తేల్చడం కష్టమేమీ కాదు, పూత తీయడం తెలిసినవాడు తేల్చేయగలడు. కష్టమైంది తర్వాతది. మొదటిదాన్ని ఎవరు ఎందుకు మార్చారో, మార్చకముందు ఏం పోగొట్టుకున్నారో గోడలో ఉండదు. తర్వాత పెట్టిన కిటికీ కాబట్టి పూడ్చేయమని ఎవరైనా నాతో అన్నప్పుడల్లా ఆ ఊళ్ళో బతికున్న పెద్దవాళ్ళెవరని ముందు అడిగాను. వాళ్ళతో మాట్లాడకుండా ఏ కిటికీ పూడ్చమనీ చెప్పలేదు, తెరవమనీ చెప్పలేదు.